కోరల్ సీ గేమ్‌లో అంపైర్ తప్పుడు రిపోర్టు ఇవ్వొచ్చా? గొడవ తీర్చండి

పటమట పిల్లోడు (విజయవాడ)

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఒక గేమ్ నడుస్తోంది, కంప్యూటర్‌ది కాదు, మా బాబాయ్ సొంతంగా తయారు చేసింది. 1942 మే నెలలో ఆస్ట్రేలియా దగ్గరి సముద్రంలో జపాన్, అమెరికా నౌకాదళాల మధ్య జరిగిన కోరల్ సీ యుద్ధం. షట్కోణాల గడులు గీసిన మ్యాపులు మూడున్నాయి, ఒకటి నాకు, ఒకటి మా బావకి, అసలుది అంపైర్ అయిన బాబాయ్ దగ్గర. నేను బెడ్‌రూంలో, బావ హాల్లో, బాబాయ్ వరండాలో టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని. ఈ ఎండకి మధ్యాహ్నం పూట బయటికి కాలు పెట్టలేం కదా, అందుకని ఇలా సముద్రం మీద పడ్డాం.

ఒక టర్న్ అంటే ఒక గంట. ఒక గడి 30 మైళ్లు. ప్రతి టర్న్‌కీ నా ఓడలు ఎటు పోతాయో, ఏ విమానాలు ఏం చేస్తాయో చీటీ మీద రాసిస్తాను, బావ కూడా రాసిస్తాడు, బాబాయ్ రెండూ చూసి ఎవరికి ఏం కనపడిందో వచ్చి చెవిలో చెబుతాడు. విమానాలకి చింతపిక్కలు, ఒక్కో పిక్క మూడు విమానాలు. క్యారియర్ అంటే విమానాలు మోసుకెళ్లే ఓడ, ఒక్కో క్యారియర్‌కి ఒక అట్టముక్క, దాని మీద మూడు వరసలు గీసి ఉంటాయి: కింద హ్యాంగర్ (విమానాలు దాచే చోటు), మధ్యలో డెక్ (అవి లేచి దిగే పైభాగం), పైన గాలి. దిగిన పిక్కకి పెట్రోలు పోసి, బాంబు తగిలించి మళ్లీ డెక్ మీదకి తేవాలంటే రెండు టర్న్‌లు పడుతుంది.

నేను జపాన్, బావ అమెరికా. షోకాకు, జుయికాకు నావి, షోహో అనే చిన్న క్యారియర్ కూడా నాదే. మొన్న ఆదివారం తెల్లారగానే దక్షిణం వైపు స్కౌట్లని, అంటే శత్రువుని వెతికే విమానాలని, పంపాను. బాబాయ్ వచ్చి "ఒక క్యారియర్, ఒక క్రూయిజర్, ఆరు గడుల దూరంలో" అన్నాడు (క్రూయిజర్ అంటే పెద్ద యుద్ధనౌక). ఇంకేం కావాలి, రెండు డెక్‌ల మీద ఉన్న పిక్కలన్నీ లేపేశాను. తీరా అక్కడికి పోతే అది ఆయిల్ ట్యాంకర్, పక్కన ఒక డిస్ట్రాయర్ అనే చిన్న యుద్ధనౌక! ఈ లోపల మా బావ ఎక్కడి నుంచో వచ్చి షోహోని ముంచేశాడు.

ఇప్పుడు నా ప్రశ్న. బావ దాక్కోవచ్చు, మబ్బులు రావచ్చు, స్కౌట్‌కి ఏమీ కనపడకపోవచ్చు, అవన్నీ ఒప్పుకుంటాను. కానీ అంపైర్ అనేవాడే వచ్చి లేని క్యారియర్ ఉందని చెబితే ఇంక ఆట ఏముంది? అడిగితే "రూలు అంతే" అంటాడు. ఇలాంటి గేమ్స్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇది న్యాయమేనా?

---

నాలుగో లైను (బ్రాడీపేట, గుంటూరు)

చదువుతుంటే నవ్వాగలేదు బ్రదర్. మీ బాబాయ్ మోసం చెయ్యలేదు, చరిత్రని ఉన్నదున్నట్టు తెచ్చి మీ ముందు పెట్టాడు. 1942 మే 7 ఉదయం సరిగ్గా ఇదే జరిగింది. జపాన్ స్కౌట్లు దక్షిణంగా వెళ్లి ఒక క్యారియర్, ఒక క్రూయిజర్ కనపడ్డాయని రిపోర్టు ఇచ్చారు. షోకాకు, జుయికాకుల నుంచి 78 విమానాలు లేచాయి. అక్కడ ఉన్నది నియోషో అనే ఆయిల్ ట్యాంకర్, సిమ్స్ అనే డిస్ట్రాయర్. క్యారియర్ కోసం ఆ చుట్టుపక్కల చాలాసేపు వెతికి, టార్పెడో విమానాలు వెనక్కి తిరిగాయి, డైవ్ బాంబర్లు (నిట్టనిలువుగా దూకి బాంబులు వేసేవి) మాత్రం వచ్చిందానికి ఊరికే పోవడం ఎందుకని ఆ రెండిటి మీదే పడ్డాయి. సిమ్స్ మునిగిపోయింది, నియోషో కాలిపోయి కూడా కొన్ని రోజులు తేలుతూనే ఉంది, మే 11న అందులో మిగిలినవాళ్లని దింపుకుని అమెరికా వాళ్లే ముంచేసుకున్నారు.

ఇంకా మంట ఏంటంటే, ఆ 78 లేచిన కాసేపటికే ఫురుటాకా అనే క్రూయిజర్ తాలూకు విమానం అసలు అమెరికన్ క్యారియర్లని చూసి సరైన రిపోర్టు పంపింది. చేతిలో సరైన కబురు ఉంది, పంపడానికి డెక్ మీద ఏమీ లేవు.

అవతలి వైపు మాత్రం ఏమన్నా బాగుందా? అదే ఉదయం యార్క్‌టౌన్ అనే అమెరికా క్యారియర్ స్కౌట్ ఒకాయన "రెండు క్యారియర్లు, నాలుగు క్రూయిజర్లు" అని పంపాడు. ఆయన చూసింది క్యారియర్లని కాదు, కోడ్ పట్టిక సరిగ్గా కూర్చోక సందేశం తేడాగా వెళ్లింది. దాన్ని నమ్మి అమెరికా అడ్మిరల్ ఫ్లెచర్ 93 విమానాలు పంపేశాడు. తప్పని తెలిసేటప్పటికి అవి గాల్లో ఉన్నాయి. ఆయన అదృష్టం, దారికి దగ్గర్లోనే షోహో ఉందని ఇంకో కబురు వచ్చింది, అటు తిప్పారు, షోహో పోయింది. రెండు వైపులా తప్పుడు రిపోర్టే, ఒకడికి కలిసొచ్చింది, ఒకడికి రాలేదు. మీ బావకి కూడా ఏం రిపోర్టు వచ్చిందో అడిగి చూడండి.

---

లంకబాబు (తాడేపల్లి)

నేను ఒప్పుకోను. చరిత్రలో జరిగిందని గేమ్‌లో పెట్టేస్తే ఎట్లా? చరిత్రలో ఆ అడ్మిరల్‌కి అది తప్పవ్వొచ్చనే అనుమానం ఉండే అవకాశం ఉంది, తన పైలట్లు ఎలాంటివాళ్లో తెలుసు. ఇక్కడ పటమట అబ్బాయికి అంపైర్ చెప్పిందే వేదం, ఎందుకంటే ఆట మొదలయ్యేటప్పుడు "నేను చెప్పేది తప్పవ్వొచ్చు" అని అంపైర్ చెప్పలేదు (చెప్పాడా? పోస్టులో లేదు).

నేను ఫోన్లోనూ కంప్యూటర్లోనూ టర్న్‌ల మీద నడిచే నౌకాయుద్ధాల గేమ్స్ బాగానే ఆడతాను. వాటిల్లోనూ స్కౌట్ రిపోర్టు తప్పుగా రావచ్చు, కానీ ఆ మాట ముందే రూల్స్‌లో ఉంటుంది కాబట్టి ఆ లెక్కలో ఆడతాం. మనిషి అంపైర్ అయితే రిపోర్టు ఎప్పుడు తప్పుగా రావాలో తేల్చే టేబుల్ ముందే రాసి, మడిచి, కవర్లో పెట్టి అంటించాలి. ఆట అయ్యాక ఇద్దరి ముందూ విప్పాలి. లేకపోతే ఇంట్లో ఎవరు ముద్దో వాళ్లకే క్యారియర్లు కనపడతాయి.

---

పటమట పిల్లోడు

లంకబాబు గారూ, అదీ మాట! ముద్దు విషయం కరెక్టుగా పట్టారు, మా ఇంట్లో అల్లుడికి జరిగే మర్యాద నాకెక్కడిది.

నాలుగో లైను గారూ, 78 విమానాల సంగతి తెలీదు, థాంక్స్. కానీ మరి అలాంటప్పుడు ఆడేవాడు ఏం చెయ్యాలి? ప్రతి రిపోర్టునీ అనుమానిస్తూ కూర్చుంటే అవతలివాడు ముందే వచ్చి కొట్టేస్తాడు. సగం పంపి సగం ఉంచుకోవాలా?

---

ఉప్పుటేరు (గుంటూరు, సొంతూరు కాకినాడ)

కాస్త పక్కదారి, కానీ సంబంధం ఉంది. ఈ క్యారియర్ల యుద్ధం అంటే ఎక్కడో పసిఫిక్‌లో అని అందరూ అనుకుంటారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, వైజాగ్ మీద బాంబులు పడ్డాయి, అవి ర్యూజో అనే జపాన్ చిన్న క్యారియర్ నుంచి వచ్చిన విమానాలే. మా తాతయ్య వాళ్లు ఆ కథలు చెబుతుండేవాళ్లు. బంగాళాఖాతంలో తిరిగే సరుకు ఓడలు ఆ రోజుల్లో వరసగా మునిగాయి. జపాన్ నౌకాదళం ఇటే వస్తోందన్న కబురుకి మద్రాసులో ప్రభుత్వ ఆఫీసులు లోపలి ఊళ్లకి తరలిపోయాయి, అప్పుడు మన గుంటూరు, బెజవాడ కూడా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా. ఆ నౌకాదళం మద్రాసు మీదకి రానేలేదు. ఒక్క రిపోర్టు ఎంత పని చేస్తుందో చూడండి, చింతపిక్కలు పోతే పోయాయి!

రిపోర్టు సరిగ్గా వస్తే ఏమవుతుందో కూడా అదే వారంలో కనపడుతుంది. ఏప్రిల్ 4న లెనర్డ్ బర్చల్ అనే కెనడా పైలట్ కాటలీనా విమానంలో సిలోన్‌కి దక్షిణంగా వెతుకుతూ జపాన్ అడ్మిరల్ నగుమో క్యారియర్లని చూశాడు. జపాన్ ఫైటర్లు కూల్చేలోపు కబురు పంపాడు. అందుకే మర్నాడు కొలంబో మీద దాడి జరిగేసరికి రేవులో ఓడలు చాలావరకు బయటికి పోయి ఉన్నాయి. ఒకే ఒక్క విమానం. మీ గేమ్‌లో చూస్తే పిక్కలో మూడో వంతు.

పనిలో పని ఇంకోటి, బాబాయ్‌గారికి చెప్పండి, రాడార్ రూలు ఉందో లేదో. ఏప్రిల్ 9న తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హీమ్ బాంబర్లు నేరుగా నగుమో ఓడల నెత్తి మీదకి వచ్చి బాంబులు వేసేదాకా జపాన్ వాళ్లు గమనించలేదు, ఆ ఓడలకి రాడార్ లేదు. ఒక్క బాంబూ తగల్లేదు గానీ అకాగీ అనే క్యారియర్ పక్కనే పడ్డాయి. అమెరికన్ క్యారియర్లకి రాడార్ ఉంది. కాబట్టి మీ బావకి మీరొచ్చేది ముందే తెలియాలి, మీకు తెలియకూడదు. ఈ తేడా లేకపోతే ఆట జపాన్ వైపు మొగ్గుతుంది.

---

నాలుగో లైను

ఆ ర్యూజోని అదే సంవత్సరం ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికా క్యారియర్ సరటోగా విమానాలు ముంచాయి. కాకినాడ లెక్క అక్కడ సరిపోయింది :)

ఇక సగం పంపడం గురించి. పుస్తకాల్లో బాగుంటుంది, ఆటలో నష్టం. సగం పిక్కలతో వెళ్తే అవతల ఫైటర్లు ఆ సగాన్నీ నమిలేస్తాయి, ఒక బాంబు తగిలితే గొప్ప. తర్వాత మిగతా సగం వెళ్తుంది, దానికీ అదే గతి. జపాన్ వాళ్ల బలమే రెండు మూడు క్యారియర్ల విమానాలు ఒకేసారి లేచి, కలిసి వెళ్లి, ఒకే సమయానికి మీద పడటం. ఆ రోజుల్లో అమెరికా వాళ్లకి అది చేతనయ్యేది కాదు, ఏ క్యారియర్ గుంపు దానిదే. దాన్ని మీరే చెడగొట్టుకుంటే ఎలా.

---

డెక్ సూపర్‌వైజర్ (విజయవాడ, వన్ టౌన్)

ఆలస్యంగా చూశాను. అందరూ రిపోర్టు నిజమా అబద్ధమా అని కొట్టుకుంటున్నారు, నాకు కనపడేది ఇంకోటి. పటమట తమ్ముడూ, నీ రూల్స్ పెట్టి లెక్క వేసి చూడు. పొద్దున ఏడింటి టర్న్‌లో విమానాలు లేపావు అనుకుందాం. అన్నీ లేచి గాల్లో ఒక దగ్గర చేరేసరికి ఆ గంట అయిపోతుంది. ఆరు గడులంటే 180 మైళ్లు, నిండా బాంబులు మోస్తున్న విమానానికి గంటన్నర, నీ టర్న్‌లలో రెండు. తిరిగి రావడానికి ఇంకో రెండు. వెతుక్కోవాల్సి వస్తే ఇంకొకటి. దిగడానికి ఒకటి. మధ్యాహ్నం రెండయింది. మళ్లీ సిద్ధం చెయ్యడానికి రెండు టర్న్‌లు, అంటే నాలుగు. ఆరింటికి చీకటి. ఇందులో తేలిందేంటి? నీకు రోజుకి సరైన దాడి ఒక్కటే. నువ్వు ఖర్చు పెట్టేది పిక్కలు కాదు, ఆ ఒక్క డెక్ లోడుని.

డెక్ ఉంది చూశావూ, అది బ్యారేజీ మీద ఒక వైపు బళ్లు ఆపి ఇంకో వైపు వదిలే రోజుల్లాంటిది. అప్పట్లో క్యారియర్లకి ఇప్పటి ఏటవాలు డెక్ లేదు, అది 1950ల్లో వచ్చింది. ఎగిరేవి వెనక వైపు వరసగా పేర్చి ఉంటే దిగేవి దిగలేవు. దిగే టైమ్‌కి డెక్ ఖాళీ చెయ్యాలి, అంటే రెండో దాడికి పేర్చుకున్నవన్నీ లిఫ్టులో కిందకి పోవాలి. పైన కాపలా తిరిగే ఫైటర్లు ఉన్నాయి కదా, వాటికి పెట్రోలు అయిపోతుంటే అవీ దిగాలి, మళ్లీ లేవాలి, దానికీ అదే డెక్. మీ బాబాయ్ ఫైటర్లకి ఈ రూలు పెట్టాడా? పెట్టకపోతే పెట్టమను, అప్పుడు చూడు ఆట.

మిడ్‌వేలో (పసిఫిక్‌లోని దీవి) 1942 జూన్ 4న నగుమో పీకల్లోతు ఇరుక్కున్నది ఇక్కడే. సగం విమానాలు మిడ్‌వే దీవి మీదకి పంపాడు, మిగతా సగం అమెరికన్ ఓడలు కనపడితే కొట్టడానికి టార్పెడోలతో ఉంచుకున్నాడు. అంటే మీరు అడుగుతున్న సగం-సగం పద్ధతే! ఏడుంబావుకి, దీవిని రెండోసారి కొట్టాలని ఆ ఉంచుకున్నవాటికి టార్పెడోలు తీసి బాంబులు పెట్టమన్నాడు. తర్వాత టోనె క్రూయిజర్ తాలూకు స్కౌట్, అదీ అరగంట ఆలస్యంగా లేచింది, మొదట "ఓడలు" అంది, తర్వాత "క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు" అంది, ఎనిమిదీ ఇరవై దాటాక "వెనక క్యారియర్ ఉన్నట్టుంది" అంది. అప్పటికి దీవి మీదకి పోయినవి తిరిగొచ్చి దిగుతామని నెత్తి మీద తిరుగుతున్నాయి. వాటిని దింపాలా, ఉన్నవి లేపాలా? దింపాడు. పదీ ఇరవై దాటాక డైవ్ బాంబర్లు వచ్చి కొన్ని నిమిషాల్లో అకాగీ, కగా, సోర్యూ క్యారియర్లు మూడిటినీ తగలబెట్టాయి. హిర్యూ సాయంత్రానికి పోయింది. డెక్‌ల నిండా విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయని పాత కథలో చెబుతారు గానీ, తర్వాత రికార్డులు చూసినవాళ్లు దాడి విమానాలు చాలావరకు కింద హ్యాంగర్లోనే ఉన్నాయని తేల్చారు. పెట్రోలు నిండిన విమానాలు, తీసి పక్కన పడేసిన బాంబులు, అన్నీ కిందే. అది ఇంకా ఘోరం.

కాబట్టి సగం ఉంచుకోవడం తప్పని నేననను, ఉంచుకున్నదాన్ని మధ్యలో కెలక్కూడదు అంటాను. నీ రెండు క్యారియర్లలో జుయికాకు డెక్‌ని ఓడల కోసమే ఉంచు, రెండో స్కౌట్ "అవును, క్యారియరే" అనేదాకా ముట్టుకోకు. రెండో స్కౌట్ అంటే ఒక పిక్క. నాలుగో లైను గారు చెప్పినట్టు కలిసి వెళ్తే బలం ఎక్కువే, ట్యాంకర్ మీదకి కలిసి వెళ్లినా బలం ఎక్కువే మరి.

ఇంకో చిన్న విషయం, రిపోర్టు వచ్చినప్పుడు ఏ రకం ఓడ అన్నది ఒక్కటే చూడకు. ఎటు పోతోంది, ఎంత వేగం అని అడుగు. క్యారియర్ ఊరికే నెమ్మదిగా ఒక మూలకి పోదు. విమానాలు లేపాలంటే గాలికి ఎదురు తిరిగి పరిగెత్తాలి. వేగం తక్కువ, పక్కన ఒక్క ఓడే కాపలా అంటే నాకైతే అనుమానం వస్తుంది. నీ బావ రెండు క్యారియర్లు పెట్టుకుని ఒక్కదాన్ని ఒంటరిగా ఎందుకు వదులుతాడు?

---

లంకబాబు

గాలి సంగతి గుర్తు చేశారు. మిడ్‌వేలో ఆ రోజు గాలి చాలా తక్కువ, అదీ ఆగ్నేయం నుంచి. విమానాలు లేపడానికి అమెరికన్ క్యారియర్లు శత్రువుకి వీపు తిప్పి పరిగెత్తాల్సి వచ్చింది. గాలి దిక్కుకి కూడా పాచిక వెయ్యమనండి. ఏ టర్న్‌లో విమానాలు లేపితే ఆ టర్న్‌లో ఓడ గాలి వైపే ఒక గడి జరగాలి.

వేగం అడగమన్న పాయింట్‌కి దండం. టేబుల్ కవర్లో పెట్టాలన్న మాట మీద మాత్రం నేను కదలను.

---

వరండా అంపైర్ (విజయవాడ)

నేనే ఆ బాబాయ్‌ని. ఈ థ్రెడ్ మా అన్నయ్యగారి అబ్బాయే చూపించాడు, చూపించి మరీ తిట్టించాడు. ఒక్కొక్కటీ చెబుతాను.

టేబుల్ కవర్లోనే ఉంది. పూజగదిలో పెట్టాను, ఆట మొదలుపెట్టేముందు ఇద్దరికీ చూపించాను, "రిపోర్టులు తేడా రావచ్చు" అని కూడా చెప్పాను. వీడు అప్పుడు మామిడికాయ ముక్కలు తింటూ ఊఁ ఊఁ అన్నాడు. రిపోర్టుకి రెండు పాచికలు వేస్తాను, ఒకటి ఓడ రకానికి, ఒకటి స్థానానికి. పై నుంచి చూసేవాడికి ట్యాంకర్ కూడా పొడవుగా, వెడల్పుగా కనపడుతుంది, కాబట్టి ఆ గడిలో ట్యాంకర్ ఉంటే తప్పు చెప్పే అవకాశం కాస్త ఎక్కువ పెట్టాను. మబ్బుంటే ఇంకా ఎక్కువ. అల్లుడికి కూడా షోహో స్థానం రెండు గడులు తేడాగానే వచ్చింది, ఆ రోజు ఆట అయిపోయింది కాబట్టి చెబుతున్నా. వాడు ఒక టర్న్ వెతుక్కున్నాడు, పెట్రోలు చాలక కొన్ని పిక్కలు సముద్రంలో పోయాయి. గొణగలేదు.

రాడార్ ఉంది, రెండు గడుల దూరం, అల్లుడికే. ఉప్పుటేరు గారు చెప్పిన తేడా ఉందన్నమాట. కాపలా ఫైటర్లు దిగే రూలు లేదు, డెక్ సూపర్‌వైజర్ గారు చెప్పింది బాగుంది, మే 8 ఉదయం నుంచి పెడతాను. గాలి పాచిక కూడా. ఒరేయ్, వేగం ఎంత అని నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ణి, నువ్వు అడగలేదు.

---

పటమట పిల్లోడు

బాబాయ్, నువ్వు ఇక్కడ కూడానా! మామిడికాయ సంగతి ఇంతమంది ముందు అవసరమా.

సరే, కవరు ఉందన్నాడు కాబట్టి న్యాయమేనని ఒప్పుకుంటున్నాను, లంకబాబు గారు కూడా కేసు కొట్టేసినట్టే. ఇప్పుడు అసలు అవసరం. గేమ్‌లో మే 7 మధ్యాహ్నం రెండయింది, నా పిక్కలన్నీ దిగాయి. బావ క్యారియర్లు పడమరగా ఎక్కడో ఉన్నాయి, సరిగ్గా ఎక్కడో తెలీదు, మధ్యలో మబ్బులు. నాలుగింటికి ఇంకో దాడి లేపితే చీకటి పడేలోపు కొట్టొచ్చు, తిరిగొచ్చేసరికి రాత్రి. లేపాలా వద్దా?

---

డెక్ సూపర్‌వైజర్

వద్దు.

---

నాలుగో లైను

ఆ సాయంత్రం అసలు జపాన్ వాళ్లు ఏరికోరి 27 విమానాలు లేపారు, చీకట్లో దిగడం వచ్చినవాళ్లనే. మబ్బుల్లో అమెరికన్ ఫైటర్లు పట్టుకుని కొన్నిటిని కూల్చాయి, టార్పెడోలు సముద్రంలో వదిలేసి వెనక్కి తిరిగారు. చీకట్లో కొంతమంది తమ ఓడే అనుకుని యార్క్‌టౌన్ మీద దిగబోయారు! మంచి పైలట్లు పోయారు. మర్నాడు ఉదయం అసలు యుద్ధంలో వాళ్లు లేరు.

రాత్రికి ఉత్తరంగా జరుగు, తెల్లారేసరికి ఏదన్నా వాన మబ్బు కింద ఉండేలా చూసుకో. మే 8న జుయికాకు అలాగే వానలో దాక్కుని బతికింది, బయట ఉన్న షోకాకు మూడు బాంబులు తింది. తెల్లారేముందే స్కౌట్లు లేవాలి, ఈసారి దక్షిణం మొత్తం చూడు, రెండేసి పిక్కలు.

---

హాల్లో అల్లుడు (గుంటూరు)

బామ్మర్దీ, థ్రెడ్ పబ్లిక్‌లో పెట్టి ఉత్తరంగా జరగమంటే జరుగుతావా మరి? నేను పొద్దుటి నుంచీ చదువుతున్నాను. నా చీటీ మామయ్యగారికి ఇచ్చేశాను. గురువారం రైల్లో వస్తున్నా, అక్క చెప్పిందని కారం తెస్తున్నాను, చింతపిక్కలు కొన్ని పగిలినట్టున్నాయి, కొత్తవి నువ్వు చూసుకో.

---

వరండా అంపైర్

చీటీ రాత్రి తొమ్మిదిలోపు రావాలిరా. రాకపోతే నీ ఓడలు ఉన్నచోటే ఉంటాయి.